తోమిన డాలరు

ఈరీ పట్నంలో పన్నెండో వీధి.
సరస్సు మీంచి మంచు అడ్డంగా కొట్టే పొద్దున
కాజ్ నోవాట్నీ కొట్టు తాళం తీయకముందే
వెండి ధర కనుక్కుంటాడు.
ఔన్సు ముప్ఫై డాలర్లు. పలక మీద రాస్తాడు.
ఆ తర్వాతే కాఫీ.

నేను శనివారాలు లెక్కలు రాస్తాను.
మొదటి వారం ఆయన నేర్పిన పాఠం:
అరవై నాలుగు దాకా అచ్చయిన క్వార్టర్లో వెండి ఉంది,
ఆ తర్వాతది ఉత్త చిల్లర.
కళ్ళు మూసుకుని బల్ల మీద వెయ్యి, అన్నాడు.
ఒకటి మోగింది. ఒకటి దగ్గింది.

మోగినదాన్ని ముఖవిలువకు ఇరవై రెట్లిచ్చి కొంటాం,
ఇరవై రెండు రెట్లకు అమ్ముతాం.
ఆ రెండు రెట్ల సందులోనే
కొట్టు అద్దె, హీటరు గ్యాసు, దొంగల భయానికి బీమా,
కాజ్ మోకాలి మాత్రలు, నా జీతం
ఇరుక్కుని కాపురం చేస్తున్నాయి.
అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని
మా సామెత విడమరిచి చెప్పాను.
కాసేపు ఆలోచించాడు.
"అడవికీ కొరివికీ మధ్య
కట్టెలు మోసేవాడొకడు ఉంటాడుగా.
అది నేను."

జనవరిలో డొరీన్ హాచెట్ వచ్చింది,
బిస్కట్ల డబ్బా కోటు లోపల పొదువుకుని,
పిల్లికూనను తెచ్చినట్టు.
భర్త ఆర్విన్ రైలింజన్ల ఫ్యాక్టరీలో ఫిట్టరు,
పోయి ఏడాది.
డబ్బాలో పదకొండు వెండి డాలర్లు,
అన్నీ అద్దం పెంకుల్లా తళతళ.

"ప్రతి ఆదివారం తోమేవాడు," అంది,
"వంటసోడా, పాత టూత్‌బ్రష్షు.
నన్ను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు."

కాజ్ భూతద్దం కంటికి బిగించాడు.
దీపం కింద నాణేన్ని ఇటు వంచాడు, అటు వంచాడు.
ఆ మౌనం నాకు తెలుసు.
మెరుపు నిండా గీతలు,
వెంట్రుక కంటే సన్నవి,
ముప్ఫై ఏళ్ళ ఆదివారాలు ఒకదాని మీద ఒకటి.

పదింటికి తూకం ధరే, ఒక్కోటి ఇరవై రెండు.
పదకొండోది కార్సన్ సిటీ టంకశాలది,
పద్దెనిమిది వందల తొంభై,
గద్ద కింద రెండు చిన్న అక్షరాలు.
"తోమకుండా ఉంటే నూట నలభై ఇచ్చేవాణ్ణి.
ఇప్పుడు తొంభై."

"మురికిగా ఉంటే ఎక్కువా?"

"మురికి కాదమ్మా, వెండికి వచ్చిన వయసు.
ఒకసారి గీకేస్తే మళ్ళీ రాదు."

ఆమె ఏదో లెక్క వేసుకుంది, పెదాలు కదిలాయి.
డాలర్ల లెక్క కాదనుకుంటా.
"అయితే మా ఆయన వారం వారం
కొంచెం కొంచెంగా యాభై డాలర్లు తుడిచేశాడన్నమాట!"
నవ్వింది. గట్టిగానే నవ్వింది.
మూడు వందల పది లెక్కపెట్టుకుని వెళ్ళింది.

కార్సన్ సిటీదాన్ని అట్టచట్రంలో బిగించి
కాజ్ నా చేత రాయించాడు:
ధర నూట ముప్ఫై, పెన్సిల్‌తో.
తోమినది, సిరాతో.
ధర రేపు మారుతుంది, ఇది మారదు, అన్నాడు.
"చెప్పకుండా అమ్మితే ఒక్కసారే అమ్ముతాం."

అప్పట్నుంచి చెరిపి రాస్తూనే ఉన్నాను.
నూట పాతిక. నూట ముప్ఫై ఐదు. మళ్ళీ నూట ఇరవై.
రబ్బరు రాపిడికి అట్ట బొచ్చు లేచింది.
చేతిలోకి తీసుకున్నవాళ్ళంతా
సిరా మాట చదివి కింద పెట్టేశారు.

మార్చిలో బస్సు దిగి డొరీన్ వచ్చింది.
అమ్మడానికేమీ తేలేదు.
అద్దాల బల్ల మీద వంగి వెతికింది, కనిపెట్టింది,
ధర చదివింది, పక్క మాట చదివింది.
తిరిగి అడుగుతుందేమోనని
మనసులో ఏ అంకె దిద్దుకుంటున్నాడో, కాజ్ దగ్గాడు.
ఆమె అడగలేదు.
"మీ అద్దం చూడండి, ఎంత మసకగా ఉందో," అంది.
నోటి ఆవిరి ఊది
మఫ్లరు కొసతో గుండ్రంగా, గుండ్రంగా తుడిచింది,
ఆ ఒక్క నాణెం పైన మాత్రం.